ఒకే కంప్యూటర్ మీద ఇద్దరి యుద్ధం: వెస్నాత్ ఆడటం ఎలా?

ఎండాకాలం సెలవుల్లో గుంటూరులో పదకొండు దాటిందంటే పిల్లలు వీధిలోకి వెళ్లే పరిస్థితి ఉండదు. ఇంట్లో ఒక పాత కంప్యూటరు, ఎదురుబొదురుగా కూర్చునే ఇద్దరు మనుషులు, ఓ రెండు మూడు గంటల తీరిక ఉంటే ఆడదగ్గ ఆట ఒకటుంది. పేరు బ్యాటిల్ ఫర్ వెస్నాత్. 2003లో డేవిడ్ వైట్ అనే ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. అప్పట్నుంచి చాలామంది స్వచ్ఛందంగా దాన్ని పెంచుకుంటూ వస్తున్నారు. పైసా కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, ఆట మధ్యలో ఏదీ కొనమని అడగదు. ఇంట్లో పిల్లలున్నవాళ్లకి ఇది చిన్న సంగతేం కాదు.

కత్తులు, ఈటెలు, విల్లంబులు, గుర్రాలు, కోటలు. మధ్యయుగపు యుద్ధానికి కాస్త మంత్రవిద్య కలిపారు. ఒకరి వంతు అయ్యాక ఇంకొకరి వంతు వస్తుంది, కాబట్టి చేతివేగంతో పని లేదు. పదేళ్ల పిల్లాడూ వాళ్ల తాతయ్యా సమానంగా ఆడొచ్చు.

కొత్తగా ఆడేవాళ్లు దాదాపు అందరూ ఎదుటి సైనికుల్ని ఎంతమందిని చంపామా అని లెక్కపెట్టుకుంటారు. ఈ ఆటలో గెలుపు అక్కడ లేదు. మీ సైనికుడు ఏ నేల మీద నిలబడ్డాడు, ఏ వేళకి ముందుకి కదిలాడు అన్న రెండు ప్రశ్నల్లోనే ఉంది. కింద చెప్పేదంతా ఆ రెండిటి చుట్టూనే తిరుగుతుంది.

ఆటని ఎక్కించుకోవడం

వెస్నాత్ డాట్ ఆర్గ్ అనే సొంత సైటు నుంచి గానీ, స్టీమ్ అనే ఆటల అంగడి నుంచి గానీ దించుకోండి. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. ఆఫీసు పనికి వాడి పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్ అయినా సరిపోతుంది. ఒకసారి ఎక్కించాక ఇద్దరూ ఒకే కంప్యూటర్ మీద ఆడటానికి నెట్ అక్కర్లేదు. కరెంటు పోతుందన్న భయం ఉంటే బెంగపడకండి, ప్రతి వంతుకీ ఆట తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. కరెంటు వచ్చాక 'లోడ్'లోకి వెళ్లి ఆఖరి సేవ్ తెరిస్తే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

మెనూలో ముందు 'ట్యుటోరియల్' ఉంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకసారి అది పూర్తి చేయండి. సైనికుణ్ణి ఎలా కదపాలి, దాడి ఎలా చేయాలి అన్నవి అక్కడే వచ్చేస్తాయి. నేను వాటి జోలికి పోను.

ఇద్దరి ఆట ఎలా పెట్టుకోవాలి

మెనూలో 'మల్టీప్లేయర్' నొక్కి 'లోకల్ గేమ్' ఎంచుకోండి. మ్యాపుల జాబితాలో ఇద్దరి కోసం చేసినవాటి పేరు ముందు '2పి' అని ఉంటుంది. మొదటిసారికి 'ది ఫ్రీలాండ్స్' తీసుకోండి. రెండు వైపులా సమానంగా ఉంటుంది. 'ఎరా' దగ్గర 'డిఫాల్ట్' అని ఉంటే అలాగే వదిలేయండి.

సెట్టింగుల్లో రెండు మూడు మార్పులు చేసుకోవాలి. 'ఫాగ్ ఆఫ్ వార్' తీసేయండి. అది ఉంటే శత్రువు కనపడడు, కానీ ఒకే తెర ముందు ఇద్దరు కూర్చున్నప్పుడు రెండోవాడు ప్రతిసారీ మొహం తిప్పుకోవాలి. మొదటి ఆటకి ఆ గొడవ ఎందుకు? టైమ్ లిమిట్ కూడా వద్దు. చెరో నూరు బంగారంతో మొదలుపెట్టండి, పట్టుకున్న ఒక్కో ఊరికి రెండు బంగారం చొప్పున ఆదాయం పెట్టండి. తర్వాతి తెరలో రెండో పక్షం ఎదురుగా 'లోకల్ ప్లేయర్' అని ఉందో లేదో చూసుకోండి. అక్కడ 'కంప్యూటర్' అని ఉండిపోతే మీ ఎదురుగా కూర్చున్నవాళ్లు ఊరికే చూస్తూ ఉండాల్సి వస్తుంది.

పక్షాల సంగతి. ఒకరు 'లాయలిస్ట్స్', ఇంకొకరు 'నార్తర్నర్స్' తీసుకోండి. మొదటి ఆటకి ఇద్దరూ ఒకే పక్షం తీసుకుంటే సులువు కదా అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. లాయలిస్టులు పగటి సైన్యం, నార్తర్నర్లు రాత్రి సైన్యం. ఆ తేడా రుచి చూడకపోతే ఆట ఆడినట్టే కాదు.

మొదటి రెండు వంతులు: సైన్యం, ఊళ్లు

మీ నాయకుడు కోట నడిబొడ్డున ఉంటాడు. అతను అక్కడ ఉన్నంతసేపే కొత్త సైనికుల్ని తీసుకోగలరు. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కితే జాబితా వస్తుంది. తీసుకున్నవాళ్లు నాయకుడి చుట్టూ ఉన్న కోట గడుల్లో నిలబడతారు, ఆ వంతులో కదలరు. నాయకుడు చస్తే ఆట అయిపోయినట్టే. అందుకని అతన్ని ముందు వరసలోకి తోలకండి.

లాయలిస్టుల్లో అన్నిటికీ పనికొచ్చేవాడు ఈటెవాడు, ఆటలో పేరు స్పియర్‌మన్. 14 బంగారానికి వస్తాడు. నూరు బంగారంతో ఏడుగురు ఈటెవాళ్లని తీసుకోవచ్చు గానీ, అలా చేయకండి. దూరపు ఊళ్లు పట్టుకోవడానికి ఒక గుర్రపువాడు కావాలి, అతను కేవలరీమన్. గట్టిచోట దాక్కున్న శత్రువుని కొట్టడానికి ఒక మంత్రగాడు కావాలి, అతను మేజ్. మిగిలిన బంగారంతో ఈటెవాళ్లు. ఎదుటి పక్షంలో గ్రంట్ అనే ఓర్క్, అంటే రాక్షసజాతి సైనికుడు, 12 బంగారానికే వస్తాడు, కాబట్టి మీకంటే వాళ్లు ఎప్పుడూ ఒకళ్లిద్దరు ఎక్కువే ఉంటారు. దానికి కంగారు పడక్కర్లేదు.

రెండో వంతు నుంచి ఊళ్లు పట్టుకోవాలి. సైనికుడు ఊరి గడిలోకి అడుగుపెడితే ఊరు మీదవుతుంది, ఆ సైనికుడు ఆ వంతుకి అక్కడే ఆగిపోతాడు. ఇక్కడ కాస్త లెక్క ఉంది. ఏమీ లేకపోయినా వంతుకి రెండు బంగారం వస్తుంది, పైన ఊరికి రెండు. మొదటి లెవెల్ సైనికుడు ఒక్కొక్కడికి వంతుకి ఒక బంగారం జీతం. కానీ ఒక్కో ఊరు ఒక్కో లెవెల్ జీతాన్ని తనే భరిస్తుంది. మీ దగ్గర ఎనిమిది ఊళ్లు, పదిమంది మొదటి లెవెల్ సైనికులు ఉన్నారనుకోండి. రాబడి 18. జీతాలు పది, అందులో ఎనిమిది ఊళ్లు కడతాయి, మీకు పడేది రెండు. చేతికి 16 వస్తుంది, అంటే వంతుకో కొత్త ఈటెవాడు. ఒక ఊరు చేజారితే రెండు బంగారం పోవడమే కాదు, ఒక జీతం మీ మీద పడుతుంది, పైగా ఎదుటివాడికి అంతే లాభం. అందుకే దూరంగా ఒంటరిగా ఉన్న ఊరి మీదికి తోడేలు ఎక్కినవాడు, అదే వోల్ఫ్ రైడర్, వస్తే చిన్న విషయంలే అని వదిలేయకండి.

నేల: ఎక్కడ నిలబడాలి

మీ సైనికుడి మీద క్లిక్ చేసి, వెళ్లాలనుకున్న గడి మీద మౌస్ ఉంచండి. ఒక శాతం కనిపిస్తుంది. అక్కడ నిలబడితే దెబ్బ తప్పించుకునే అవకాశం అది. ఈటెవాడికి పచ్చిక మీద 40, అడవిలో, గుట్ట మీద 50, ఊళ్లో, కోటలో, కొండ మీద 60. లోతులేని నీళ్లలో, బురదలో 20.

ఆ అంకెలు పైకి చిన్నగా కనిపిస్తాయి. వాటి బరువు తెలియాలంటే లెక్క కట్టి చూడాలి. ఈటెవాడు ఒక దాడిలో మూడుసార్లు పొడుస్తాడు, తగిలిన ప్రతిసారీ ఏడు హెల్త్, అంటే ప్రాణబలం, పోతుంది. శత్రువు పచ్చిక మీదుంటే సగటున పన్నెండున్నర హెల్త్ పోతుంది. అదే శత్రువు ఊళ్లో ఉంటే ఎనిమిదిన్నర కూడా పోదు. అంతకంటే ముఖ్యమైనది, మూడు పోట్లూ గురితప్పే అవకాశం. పచ్చిక మీదున్నవాడి మీద అది నూటికి ఆరు. ఊళ్లో ఉన్నవాడి మీద నూటికి ఇరవై పైనే, అంటే ఐదు దాడుల్లో ఒకటి పూర్తిగా వృథా. మా మేనల్లుడు మొదట్లో తెరకేసి చూస్తూ, "మావయ్యా, అంత దగ్గర్నుంచి పొడిస్తే మూడూ పోయినయ్యేంటి?" అని అడిగాడు. వాడు పొడిచింది కోటగోడ మీదున్నవాణ్ణి.

గుంటూరు దగ్గర కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కి, పైనుంచి కింద పొలాలకేసి చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటని తీసుకోవడానికి ముట్టడి వేయాల్సి వచ్చింది. ఎత్తు మీదున్నవాడికి గట్టు ఎప్పుడూ తోడుంటుంది. ఈ ఆట చేసినవాళ్లు ఆ సత్యాన్ని ఒక శాతంగా మార్చి మన ముందు పెట్టారు.

కాబట్టి నియమం ఇది. మీరు గట్టిచోట ఉండి, శత్రువుని పచ్చిక మీదకో నీళ్లలోకో రానివ్వండి. మ్యాపులో ఏరు ఉంటే దాన్ని మీరు దాటకండి, అవతలివాణ్ణి దాటనివ్వండి. ఏట్లో ఉన్న గ్రంట్ మీద మీ పోటు నూటికి ఎనభై తగులుతుంది.

మరి వాడే ఊళ్లో కూర్చుంటే? అందుకే మేజ్ ఉన్నది. అతని మంత్రం శత్రువు ఎక్కడున్నా నూటికి డెబ్బై తగులుతుంది. ఊళ్లో ఉన్నవాడికి అరవై శాతం రక్షణ ఉన్నా లెక్కలోకి రాదు. పైగా గ్రంట్‌కి దూరపు ఆయుధం లేదు, మేజ్ దూరం నుంచి కొడుతుంటే తిరిగి కొట్టలేడు. విలుకాడు, అదే బోమన్, కొట్టినా అంతే. దాడి చేసేముందు వచ్చే చిన్న కిటికీలో మీ ఆయుధం పక్కనే ఎదుటివాడి ఆయుధం కూడా చూపిస్తుంది. అక్కడ ఖాళీ కనిపిస్తే ముందు ఆ దాడే చేయండి. అదే కిటికీలో 'డ్యామేజ్ కాలిక్యులేషన్స్' అనే బటన్ ఉంటుంది. నొక్కితే ఎవరు బతికే అవకాశం ఎంతో చూపిస్తుంది. మొదటి కొన్ని ఆటల్లో ప్రతి దాడికీ అది చూడటం అలవాటు చేసుకోండి.

వేళ: ఎప్పుడు కదలాలి

ఆటలో రోజుకి ఆరు వంతులు. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంసంధ్య, రాత్రి మొదటి జాము, రెండో జాము. ఏ వేళ నడుస్తోందో తెర పక్కన సూర్యచంద్రుల బొమ్మతో కనిపిస్తుంది. ఉదయం, మధ్యాహ్నం లాయలిస్టుల దెబ్బకి పావు వంతు బలం పెరుగుతుంది, రాత్రి రెండు జాముల్లో పావు వంతు తగ్గుతుంది. నార్తర్నర్లకి దీనికి సరిగ్గా తలకిందులు. తెల్లవారుజామున, సంధ్యవేళ ఎవరికీ లాభం లేదు, నష్టం లేదు.

పావు వంతే కదా అనుకోకండి. పగలు మీ ఈటెవాడి పోటు తొమ్మిది, మూడూ తగిలితే 27. అదే పగలు గ్రంట్ వేటు ఏడు, రెండూ తగిలితే 14. ఇప్పుడు చీకటి పడనివ్వండి. ఈటెవాడు మూడూ తగిలితే 15. గ్రంట్ రెండు వేట్లకి 22. అదే ఇద్దరు మనుషులు, అదే నేల. నాలుగు వంతుల కింద మీరు తరిమినవాడే ఇప్పుడు మిమ్మల్ని తరుముతాడు.

ఇది అర్థమైన రోజు ఆట మొత్తం మారిపోతుంది. లాయలిస్టులు ఆడుతుంటే తెల్లవారుజామున వరస దిద్దుకుని ముందుకి జరగండి, ఉదయం, మధ్యాహ్నం గట్టిగా కొట్టండి. సంధ్య పడగానే, గెలుస్తున్నా సరే, చేతిలో ఉన్న దాడులు ముగించుకుని వెనక్కి, ఊళ్లలోకి, గుట్టల మీదికి వచ్చేయండి. ధర పడినప్పుడు మన రైతు మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగినట్టు, రాత్రి రెండు జాములూ ఆగండి. నార్తర్నర్లు ఆడేవాళ్లు పగలంతా అడవుల్లో, కొండల్లో కూర్చుని ఊళ్లు కాపాడుకుంటూ, సంధ్యకి ముందుకి రావాలి.

వెనక్కి తగ్గడం పిల్లలకి అన్నిటికంటే కష్టం. మా మేనల్లుడు తన ఈటెవాళ్లకి పల్నాటి వీరుల పేర్లు పెట్టుకుంటాడు. సైనికుడి మీద రైట్ క్లిక్ చేస్తే పేరు మార్చుకునే వీలుంది. వాడికి బాలచంద్రుడంటే ప్రాణం. ఆ పేరు పెట్టినవాణ్ణి చీకట్లో ఒంటరిగా నలుగురి మధ్యకి పంపుతాడు. కథలో బాలచంద్రుడికి ఏం జరిగిందో తెలిసీ పంపుతాడు. వాణ్ణి ఆపడానికి నేను చేసిన పని ఒక్కటే. పక్షాలు మార్చి రాత్రి సైన్యం వాడికిచ్చాను. సంధ్యకి ముందుకొచ్చి నా వరస విరగ్గొట్టాక, వాడికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోయింది.

వరస కట్టడం

ఆటలో గడికి ఆరు వైపులు. అంటే మైదానంలో ఒంటరిగా నిలబడ్డవాణ్ణి ఆరుగురు చుట్టుముట్టొచ్చు. ఒకళ్ల పక్కన ఒకళ్లుగా తిన్నగా నిలబెడితే, వరస మధ్యలో ఉన్నవాడి మీదికి ముందు నుంచి ఇద్దరే రాగలరు. ఆరుకీ రెండుకీ ఉన్న తేడా చాలా ఆటల్ని తేలుస్తుంది.

అంతమంది లేకపోతే మధ్యలో ఖాళీలు వదలొచ్చు. మీ సైనికుడి పక్క గడిలోకి శత్రువు అడుగుపెడితే వాడి నడక ఆ వంతుకి అక్కడితో సరి. కాబట్టి ఇద్దరి మధ్య రెండు గడులు ఖాళీగా ఉన్నా, ఆ సందులోంచి ఒక్క వంతులో దూసుకుపోలేడు. దూరితే మీ చేతికి చిక్కినట్టే. జీరో లెవెల్ సైనికులకి మాత్రం ఈ అడ్డుకునే శక్తి లేదు.

గాయపడ్డవాణ్ణి వెనక ఊరికి పంపి, వాడి చోట కొత్తవాణ్ణి పెట్టండి. ఊళ్లో ఉంటే వంతుకి ఎనిమిది హెల్త్ తిరిగొస్తుంది. కదలకుండా ఉన్నా రెండు వస్తుంది. ఎదురుగా ట్రోల్ అనే నార్తర్నర్ల రాక్షసుడు ఉంటే మాత్రం సగం కొట్టి వదలకండి, వాడికి ఊరితో పనిలేకుండానే వంతుకి ఎనిమిది పూడుకుంటుంది. ముగ్గుర్ని కూడగట్టి ఒకే వంతులో పూర్తిచేయాలి, లేదా వాడి జోలికే పోకూడదు.

ఆఖరి దెబ్బ ఎవరు వేస్తున్నారన్నది కూడా చూసుకోండి. మొదటి లెవెల్ శత్రువుతో పోరాడితే ఒక అనుభవ పాయింటు, వాణ్ణి చంపినవాడికి ఎనిమిది. పాయింట్లు నిండితే లెవెల్ పెరుగుతుంది, హెల్త్ పూర్తిగా నిండుతుంది. కుదిరినప్పుడల్లా ఆ ఆఖరి దెబ్బ మేజ్‌కి వదలండి. అతను రెండో లెవెల్లో వైట్ మేజ్ అయితే పక్కనున్నవాళ్ల గాయాలు మాన్పుతాడు, మీ వరసకి వైద్యుడు దొరికినట్టే.

అదృష్టం గురించి తగువొస్తే

తప్పకుండా వస్తుంది. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటల హరికృష్ణ పుట్టిన ఊరు మనది, చదరంగం ఆడే పిల్లలు ఇంటింటా ఉంటారు. చదరంగంలో బంటు గుర్రాన్ని కొడితే కొట్టినట్టే. ఇక్కడ గురి తప్పొచ్చు. చదరంగం అలవాటున్నవాళ్లు ఒక ఎత్తు మీదే ఆట అంతా నిలబెట్టి, అది తప్పగానే చేతులెత్తేస్తారు. వాళ్లకి నేను చెప్పేది, ఈ దాడి తప్పితే ఏం చేస్తానో ముందే అనుకుని అప్పుడు దాడి చేయమని. ముందు సరిగ్గా తగిలే అవకాశం ఉన్నవాడితో కొట్టండి, ఫలితం చూసి రెండోవాణ్ణి ఎక్కడికి పంపాలో తేల్చుకోండి. అందర్నీ కదిలించేసి ఆ తర్వాత దాడులు మొదలుపెడితే దిద్దుకునే దారి ఉండదు.

మామూలు కదలికని 'యు' నొక్కి వెనక్కి తీసుకోవచ్చు గానీ, దాడి చేశాక వీల్లేదు. ఇంట్లో కూడా ఆ నియమాన్ని అలాగే ఉంచండి. "ఈ ఒక్కసారికి మళ్లీ కొడతా" అంటే ఒప్పుకోకండి. ఇక నాకే దురదృష్టం అని ఎవరైనా అలిగితే మెనూలో 'స్టాటిస్టిక్స్' తెరిచి చూపించండి. లెక్క ప్రకారం ఎంత దెబ్బ తగలాలి, నిజంగా ఎంత తగిలింది అన్నది ఇద్దరికీ కనిపిస్తుంది. తేడా చాలాసార్లు అనుకున్నంత ఉండదు.

ఆట అయ్యాక

ఎదుటి నాయకుణ్ణి చంపడంతో ఆట ముగుస్తుంది. అతను కోటలో అరవై శాతం రక్షణలో ఉంటాడు కాబట్టి మీ వేళ మొదలయ్యే వంతుకి కోట చుట్టూ చేరేలా లెక్క వేసుకుని బయల్దేరండి. మేజ్‌ని వెంట తీసుకెళ్లండి. చుట్టూ ఉన్న కోట గడుల్లో మీ మనుషులు నిలబడితే అతను కొత్తవాళ్లని పిలుచుకునే చోటు కూడా ఉండదు.

అయిపోయిన ఆట రీప్లేగా సేవ్ అవుతుంది. భోజనాలయ్యాక ఇద్దరూ కలిసి అది వేసుకుని, మొదట ఎవరి వరస ఎక్కడ విరిగిందో ఆ వంతు దగ్గర ఆపండి. అప్పుడు వేళేమిటి, విరిగినవాడి కాళ్ల కింద ఏ నేల ఉంది అని చూడండి. తర్వాతి ఆటకి పక్షాలు తిప్పుకోండి. ఇద్దరూ రెండు పక్షాలూ ఆడాక చచ్చి లేచినవాళ్ల సైన్యమైన అన్‌డెడ్ పక్షాన్ని తెచ్చుకోవచ్చు. అస్థిపంజరాల మీద ఈటె పెద్దగా దిగదు. లాయలిస్టులు ఆడేవాళ్లు ఈటెవాళ్లని తగ్గించి, గదతో కొట్టే హెవీ ఇన్‌ఫంట్రీని, మేజ్‌లని ఎక్కువ తీసుకోవాలి.